గుడారంతో అత్తయ్య పుట్టింటికి

మా డిగ్రీ రోజుల్లో ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’ అంటే రెండు మార్కుల ప్రశ్న. రచయిత ఎవరు, ఏ సంవత్సరం, ఎక్కడి నుంచి ఎక్కడికి. గడగడా రాసేసి వచ్చేవాళ్ళం. ఆ పుస్తకం తెరిచి చదివింది మాత్రం పెళ్ళయి, పిల్లలు బడికి వెళ్ళడం మొదలయ్యాక, మధ్యాహ్నం గిన్నెలు సర్దుకున్నాక దొరికే ఆ గంటా రెండు గంటల్లో. అప్పుడు తెలిసింది, ఇది పరీక్షల కోసం చదవాల్సిన పుస్తకం కాదు, సంసారం చేస్తున్నవాళ్ళు చదవాల్సిన పుస్తకం అని.

ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి కాశీ వెళ్ళి, కలకత్తా, పూరీ మీదుగా మళ్ళీ మద్రాసు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. పదిహేను నెలల పైమాట. ఒక్కడూ వెళ్ళలేదు. కుటుంబం, బంధువులు, బోయీలు, నౌకర్లు అంతా కలిసి దాదాపు వంద మంది. పల్లకీలు, గుడారాలు, బండ్ల మీద సామాను. దారిలో చూసినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై గారికి రాసి పంపుతూ పోయాడు. ఆయన 1836లో కాలం చేస్తే, 1838లో ఆ స్నేహితుడి పూనికతోనే అది పుస్తకమైంది.

నాకు నచ్చిందేమిటో చెప్పనా? మజిలీ మజిలీకీ ఆయన చూసేవి మనం చూసేవే. ఈ ఊళ్ళో బావులున్నాయా, నీళ్ళు మంచివేనా, అంగళ్ళున్నాయా, బియ్యం దొరుకుతాయా, దిగడానికి చెట్ల నీడ ఉందా. వంద మందికి పూటపూటా వండి పెట్టాలంటే ఇవి తెలియకుండా ఎట్లా? కాకపోతే ఆయన కలం ఎక్కువగా ఊరి మీద, దారి మీద, దేవుడి మీద నడుస్తుంది. గుడారం లోపలికి పెద్దగా రాదు. అత్తగారికి కీళ్ళనొప్పులొస్తే ఎవరు తైలం రాశారు, వానలో తడిసిన కట్టెలతో పొయ్యి ఎవరు రాజేశారు, ఇవన్నీ మనమే ఊహించుకోవాలి.

ఈ మార్చిలో మేమూ ఐదు రోజులు గుడారాలు వేసుకుని తిరిగాం. వంద మంది కాదు, ఐదుగురం. మా వారు, నేను, ఇంటర్ పరీక్షలు ముగిసిన మా అమ్మాయి, తొమ్మిదో తరగతి బాబు, డెబ్బై నాలుగేళ్ళ మా అత్తయ్య. గుడారాల సరదా పిల్లలది. చుట్టాల ఇళ్ళన్నీ చిన్నవి, ఐదుగురం ఒక్కసారి దిగితే పక్కలు సర్దలేక వాళ్ళు ఇబ్బంది పడతారు, గుడారమైతే పెరట్లోనో పొలంలోనో పడుకుంటాం కదా అన్న లెక్క నాది. అత్తయ్యకు మాత్రం ఒకే ఒక్క కోరిక. పుట్టింటికి వెళ్ళాలి. ఆ పుట్టిల్లు నలభై ఏళ్ళకు పైగా నీళ్ళ కింద ఉంది.

నేను గుంటూరు జిల్లా నుంచి కర్నూలు వాళ్ళింటికి వచ్చిన కోడల్ని. పెళ్ళయిన కొత్తలో అత్తయ్య పుట్టిల్లెక్కడ అంటే అందరూ ‘కృష్ణలో’ అనేవాళ్ళు. కృష్ణా జిల్లా అనుకునేదాన్ని. తర్వాత అర్థమైంది, నిజంగా కృష్ణలోనే అని. ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ ఊరి వాళ్ళంతా నాలుగు జిల్లాల నుంచి అత్తయ్యకు ఫోన్లు చేస్తారు, వారం పాటు ఇంట్లో నాకు సాయం చేసే మనిషి ఉండదు.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. పనులు సాగి సాగి 1980ల మొదట్లో నీళ్ళు నిలిచాయి. నిండితే 885 అడుగుల మట్టం. ఆ నీటి కింద, కృష్ణకూ తుంగభద్రకూ అటు కర్నూలు వైపు, ఇటు పాలమూరు వైపు, 100కు పైగా ఊళ్ళు మునిగిపోయాయి. లక్ష మంది దాకా ఊళ్ళు విడిచారు. ఎక్కువ ఊళ్ళు 1981 ఎండాకాలంలో ఖాళీ అయ్యాయి. చదువుతుంటే అంకెలే. మా ఇంట్లో మాత్రం ఆ అంకెలకు ముఖాలున్నాయి. అత్తయ్య అక్క ఆత్మకూరులో, అన్న కొల్లాపురం దగ్గర, చిన్నాన్న పిల్లలు నంద్యాలలో, ఒకాయన బళ్ళారిలో. ఒకప్పుడు ఒకే వీధిలో ఉండి, పెరుగు తోడుకు గిన్నె పట్టుకుని ఒకరింటికొకరు వెళ్ళిన మనుషులు.

మొదటి మజిలీ అలంపురం. హైదరాబాదు నుంచి కర్నూలు రోడ్డులో, తుంగభద్ర దాటకముందే ఎడమకు తిరిగితే వస్తుంది. నవబ్రహ్మ ఆలయాల గురించి వినే ఉంటారు. బాదామి చాళుక్యుల కాలపువి, 7వ, 8వ శతాబ్దాలవి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని తొమ్మిది. పేరుకు బ్రహ్మలు, లోపల ఉన్నది శివుడే. స్వర్గబ్రహ్మ గుడి గోడల మీద బొమ్మలు చూస్తూ మా అమ్మాయి ఒక గంట కదల్లేదు. నది పక్కనే ఎత్తుగా గోడ కట్టారు, శ్రీశైలం వెనుక జలాలు వచ్చి గుళ్ళను తడపకుండా.

కానీ అత్తయ్య నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది ఆ తొమ్మిది గుళ్ళ దగ్గరికి కాదు, సంగమేశ్వరాలయం దగ్గరికి. చాళుక్యుల నాటి ఈ గుడి అసలు ఇక్కడిది కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి దగ్గర ఉండేది. మునిగిపోతుందని తెలిసి పురావస్తు శాఖ వాళ్ళు రాయి రాయికీ నంబరు వేసి, విప్పి, అలంపురం తెచ్చి, మళ్ళీ అదే వరసలో పేర్చి నిలబెట్టారు. పాపనాశి గుళ్ళు కూడా అట్లాగే చోటు మారినవి. ఎంత ఓపిక పని! ఒక్క రాయి వరస తప్పినా శిఖరం నిలబడదు. బియ్యం డబ్బా, పప్పు డబ్బా అటూ ఇటూ మారితేనే మన వంటిల్లు మనకు కొత్తగా ఉంటుంది, వేల రాళ్ళు విప్పి పేర్చిన వాళ్ళకు నిజంగా దణ్ణం పెట్టాలి.

అత్తయ్య చాలాసేపు ఆ గోడను చేత్తో తడుముతూ నిలబడింది. తర్వాత, కోపంగా కాదు, మామూలుగానే అంది. ‘‘దేవుడి రాళ్ళకు నంబర్లు వేసినారు. మా అమ్మ పొయ్యిరాళ్ళకు ఎవురేసినారు?’’

ఆ మాట ఆ ఐదు రోజులూ నాతోనే ఉంది.

కర్నూలులో ఎక్కువసేపు ఆగలేదు. కొండారెడ్డి బురుజు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, మా వారి పెదనాన్న కొడుకు ఇంట్లో స్నానాలు చేసి, వాళ్ళ మేడ మీద గుడారం వేసుకుని పడుకున్నాం. దోమలు లేవు, అది చాలు. పొద్దున్నే ఆత్మకూరు దారి పట్టాం.

ఈ ఆత్మకూరు ప్రాంతం నుంచే వీరాస్వామయ్య గారు నల్లమల కొండలెక్కి శ్రీశైలం వెళ్ళింది. తిరుపతి, కడప, అహోబిలం, మహానంది చూసుకుని వచ్చారాయన. అప్పటికి ఈ నేల కంపెనీ చేతికి పూర్తిగా పోలేదు. 1800లో నిజాం దత్తమండలాలు కంపెనీకి ఇచ్చేసినా కందనవోలు నవాబు ఏలుబడి 1839 దాకా నడిచింది. శ్రీశైలం వెళ్ళే యాత్రికుల దగ్గర నవాబు మనుషులు పన్ను వసూలు చేసేవాళ్ళు. దారేమో అడవి. నాగలూటి నుంచి పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కాలిబాట. ఆ మెట్లు 14వ శతాబ్దంలో కొండవీటి ప్రోలయ వేమారెడ్డి కట్టించినవి. అహోబిలానికీ ఆయనే మెట్లు కట్టించాడు. ఇప్పటికీ శివరాత్రికి ఆ బాటనే నడిచివెళ్ళే భక్తులున్నారు. శ్రీశైలం చూసుకుని వీరాస్వామయ్య గారి బృందం కృష్ణ దాటి పాలమూరు వైపుగా హైదరాబాదు చేరింది. వంతెనల్లేని కాలం.

వంతెన లేకుండా కృష్ణ దాటడం ఎట్లాగో నాకు పుస్తకం చెప్పిన దానికంటే పెద్దత్తయ్య బాగా చెప్పింది. అత్తయ్యకు ఎనిమిదేళ్ళ పెద్ద, ఎనభై రెండు. ఆమెను ఊళ్ళోనే సొంత మేనమామకు ఇచ్చారు. అందుకని పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ ఒకేసారి మునిగాయి. ‘‘పుట్టిలో పోయేటోళ్ళం. వెదురుబద్దల బుట్ట, కింద తోలు. అందులో కూసుంటే గిరగిరా తిరుగుతాది. పెండ్లికూతుర్ని గూడా పుట్టిలోనే దాటించేది. కండ్లు మూసుకో అనేటోళ్ళు. నేనెప్పుడూ మూసుకోలా’’ అని నవ్వింది. ఎండాకాలం ఏట్లో ఇసుక తేలితే దోస, కర్బూజ పాదులు పెట్టేవాళ్ళట. తెల్లారి ఏటికి పోతే కాయలతోనూ నీళ్ళతోనూ తిరిగిరావడమేనట. నల్లరేగడి చేలు, జొన్న, శనగ. ‘‘ఉప్పు, కిరసనాయిలు కొనేది. మిగతాది అంతా ఊరే ఇచ్చేది’’ అంది. వీరాస్వామయ్య గారు అక్కడ దిగి ఉంటే మజిలీకి మంచి ఊరు అని రాసేవారు కదా అనుకున్నాను.

అసలు సంగతికి వస్తే, పెద్దత్తయ్య 1981 తర్వాత ఒక్కసారి కూడా ఆ వైపు వెళ్ళలేదు. ప్రతి ఏడూ ఎండాకాలంలో జలాశయం తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. టీవీల్లో చూపిస్తారు, ఊళ్ళోవాళ్ళు బండ్లు కట్టుకుని వెళ్తారు. ఈమె మాత్రం రాదు. అత్తయ్య ఈ ప్రయాణం పెట్టుకున్నదే అక్కను తీసుకెళ్ళాలని. ఆ మాట మాతో కూడా చెప్పకుండా కర్నూలు దాటాక చెప్పింది.

‘‘రాక్కా, కారులో పోయి కారులో వస్తాం.’’

‘‘యాడికి? అక్కడేముంది నీళ్ళు తప్ప.’’

‘‘నీళ్ళు ఎనక్కి పోయినాయి.’’

‘‘మల్లా ముందుకొస్తాయిలే.’’

అరగంట ఇట్లాగే నడిచింది. మా అమ్మాయి వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, ‘‘నానమ్మా, మీరు రాకపోతే మీ ఊరు ఏ వైపు ఉందో మాకు ఎవరు చూపిస్తారు?’’ అని అడిగింది. పెద్దత్తయ్య దాని ముఖం చూసి, ఏమీ మాట్లాడకుండా లేచి చీర మార్చుకుని వచ్చింది.

సంగమేశ్వరాన్ని నివృత్తి సంగమేశ్వరం అంటారు. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి, మలాపహారిణి, భవనాశి, ఏడు నదులు కలిసే చోటు అని నమ్మకం. మిగతావన్నీ ఆడపేర్ల నదులు, భవనాశి ఒక్కటే మగపేరు అని అక్కడ అందరూ చెబుతారు. లోపల ఉన్నది రాతి లింగం కాదు, వేపమొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఏడాదిలో సగానికి పైగా నీళ్ళలో నాని, బయటపడి, మళ్ళీ మునుగుతూ ఆ చెక్క ఇంకా ఉంది. కూడవెల్లి గుడిని విప్పి తీసుకెళ్ళారు, ఈ గుడిని ఇక్కడే వదిలారు. దాని చుట్టూ ఉన్న మండపాలు, ప్రాకారాలు ఏనాడో కూలిపోయి రాళ్ళ కుప్పలయ్యాయి.

మేం వెళ్ళేసరికి గుడి గోడలు ఇంకా పచ్చి బురద వాసన కొడుతున్నాయి. జలాశయం అడుగంతా బీటలు వారిన ఒండ్రు. దాని మీదే కార్లు, ఆటోలు, కొబ్బరికాయల అంగడి. దూరంగా నీలంగా కృష్ణ. పిల్లలు గుళ్ళోకి పరుగెత్తారు. పెద్దత్తయ్య కారు దిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని చుట్టూ చూసింది. ఏటి వంపు చూసింది, అవతలి కొండ చూసింది, మెల్లగా కుడి పక్కకు తిరిగి వేలు చాపింది. ‘‘అదో, ఆ నీళ్ళు మెరుస్తాండాయి చూడు, అక్కడ. ఇంకా బయటికి రాలా.’’

అంతే. ఏడవలేదు. ఏడుస్తుందని నేనూ, మా వారూ మంచినీళ్ళ సీసా పట్టుకుని తయారుగా నిలబడ్డాం. ఆమె దర్శనం చేసుకుని, గుడి ముందు మెట్టు మీద కూర్చుని, కొబ్బరి ముక్క నములుతూ ఊరు ఖాళీ చేసిన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. అత్తయ్యకు కూడా అది కొత్తే. అప్పటికి ఆమె కర్నూలులో చంటిబిడ్డ తల్లి, వెళ్ళి సాయం చేసే వీలు లేకపోయింది.

ఇల్లు వదిలిపోవాలని తెలిశాక పెద్దత్తయ్య మామగారు పైకప్పు విప్పించాడట. మట్టి మిద్దె. మట్టి తోడేసి, కింద దంతెలు, దూలాలు ఒక్కొక్కటే దింపారు. టేకు దూలాలు, కొత్త చోట మళ్ళీ కొనాలంటే అయ్యే పని కాదు. దింపిన ప్రతి దూలానికీ ఆయన ఎర్రమన్నుతో గీతలు పెట్టాడు. తలవాకిలి దూలానికి ఒక గీత, పడసాలకు రెండు, వంటింటికి మూడు. కలిసిపోకుండా. మూడు ఎద్దుల బండ్లలో ఆత్మకూరు తెచ్చి పడేశారు. కొత్త గోడలు లేచేదాకా ఆ దూలాల పక్కనే, చేలో, పట్టా కప్పుకుని వానాకాలమంతా ఉన్నారు.

‘‘గుడారం కొత్తదేమి కాదు మాకు’’ అంది మా బాబు వైపు చూసి. ‘‘మీది జిప్పు గుడారం, మాది చిల్లుల గుడారం.’’

సాయంత్రం ఆత్మకూరు ఇంటికి తిరిగొచ్చాక మేమంతా తలలెత్తి చూశాం. ఎన్నిసార్లు వచ్చినా నేను ఆ కప్పు వైపు చూడనేలేదు. పొగకు నల్లబడిన దూలాల మీద గీతలు వెతికితే ఒక్క దూలానికే దొరికాయి. మూడు గీతలు, చివరిది సగం చెరిగి. కానీ ఆ దూలం ఇప్పుడు వంటింట్లో లేదు, ముందు గదిలో ఉంది. కొత్త ఇల్లు పాతదంత పెద్దది కాదు, ఎక్కడ పడితే అక్కడ సర్దుకోవాల్సి వచ్చిందట. అత్తయ్య అలంపురంలో అన్న మాట నేను పెద్దత్తయ్యకు చెప్పాను, పొయ్యిరాళ్ళ మాట.

‘‘పొయ్యి మట్టిది గదమ్మా, యాడ ఎత్తుకొస్తాం? పొద్దున్న అన్నం వండి, పొయ్యి అలికి, ముగ్గేసి వచ్చినా. పగలగొట్టలా.’’

నాకు తెలిసి ఏ ప్రాజెక్టు నివేదికలోనూ, ఏ చరిత్ర పుస్తకంలోనూ ఆ ముగ్గు ఉండదు. ఎకరాలు ఉంటాయి, పరిహారం ఉంటుంది, గుళ్ళు ఉంటాయి. వంద ఊళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు వెళ్ళిపోయేముందు పొయ్యి అలికి ఉంటారో అడిగినవాళ్ళు లేరు. మీ ఇళ్ళల్లో ముంపు ఊళ్ళ పెద్దవాళ్ళు ఉంటే ఒక్కసారి అడగండి. పట్టా నంబరు అడగొద్దు, ఆ రోజు పొద్దున ఏం వండారో అడగండి.

ఆ రాత్రి పెద్దత్తయ్య కొడుకు శనగచేలో గుడారాలు వేశాం. పంట కోసేశారు, నేల చదునుగా ఉంది. జొన్నరొట్టె, ఊరుబిండి, పెరుగు. ముసలివాళ్ళిద్దరూ ఇంట్లో పడుకుంటారనుకుంటే మాతో వచ్చి గుడారంలోనే పడుకున్నారు. రాత్రి పన్నెండు దాకా గుసగుసలు, నవ్వులు. మా అమ్మాయి విసుక్కుని వాళ్ళ నాన్న గుడారంలోకి మారిపోయింది.

గుడారాల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఈ నేల మీద గుడారంలో ఎక్కువ కాలం బతికిన తెల్లదొర థామస్ మన్రో. దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరు. ఆ ఏడేళ్ళూ ఎక్కువగా గుడారాల్లోనే ఉండి ఊరూరూ తిరిగి పొలాలు కొలిపించి, రైతువారీ పద్ధతికి గట్టి పునాది వేశాడు. అదే కాలంలో కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన మన ఏలూరు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు శాసనాలు, ఊరి కథలు పోగు చేయించారు. మనం ఇప్పుడు కైఫియత్తులు అంటున్నవి అట్లా కూడినవే. మన్రో తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. స్వదేశం పోయేముందు పాత ఊళ్ళు చూసి వెళ్దామని బయలుదేరి 1827 జులై 6న పత్తికొండ మకాంలో కలరాతో పోయాడు. భార్య అంతకు ముందే జబ్బుగా ఉన్న పసివాణ్ణి తీసుకుని ఇంగ్లండు వెళ్ళింది. గవర్నరైనా, యాత్రికుడైనా, మజిలీలో నీళ్ళు మంచివి కాకపోతే అంతే. నేను ఐదు రోజులకు నాలుగు పెద్ద క్యాన్ల నీళ్ళు కారులో పెట్టించానని మా వారు వెక్కిరించారు. పత్తికొండ కథ చెప్పాక నోరు మూసుకున్నారు.

మర్నాడు మహానందిలో కోనేటి స్నానం. నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే వేసిన నాణెం అడుగున కనిపిస్తుంది. దిగువ అహోబిలంలో దర్శనం, ఎగువకు అత్తయ్య మోకాళ్ళు ఒప్పుకోలేదు. సాయంత్రానికి ప్రొద్దుటూరు, నా డిగ్రీ స్నేహితురాలి ఇల్లు. ఇరవై ఏళ్ళ మాటలు ఒక్క రాత్రిలో అయిపోవు, వాటి గురించి ఇక్కడ రాస్తే ఈ వ్యాసం కూడా అయిపోదు. ఆమె కుటుంబాన్ని కూడా కూడగట్టుకుని గండికోట వెళ్ళాం.

పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుని పోయిన గండి పైన కట్టిన కోట కాబట్టి గండికోట. 1123లో కాకరాజు అనే పాలకుడు కట్టించాడని స్థానిక చరిత్ర. తర్వాత విజయనగర సామంతులుగా పెమ్మసాని నాయకులు ఏలారు. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గెలుచుకున్నాడు. ఆయన్ని కలవడానికి 1652లో ఫ్రెంచి నగల వ్యాపారి తావెర్నియే ఇక్కడికి వచ్చాడు. నవాబు కోట లోపల మేడలో లేడట, గుడారంలో ఉన్నాడట. చెప్పుల్లేని కాళ్ళతో కూర్చుని, కాలివేళ్ళ సందున కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ళ సందున కొన్ని పెట్టుకుని, ఒకటి తీసి ఒకటి జవాబు చెప్పి రాయిస్తున్నాడని తావెర్నియే రాశాడు. ఇది చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. పొద్దున ఏడు గంటలకు ఒక చేత్తో దోసె, ఒక చేత్తో జడ, భుజం మీద ఫోను పెట్టుకున్న మనల్ని ఏ తావెర్నియే చూసి రాస్తాడు?

మాధవరాయ స్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం అన్నీ దగ్గరదగ్గరే. ధాన్యాగారంలో అత్తయ్య గోడలు అడుగులతో కొలిచి, ఎన్ని పుట్ల వడ్లు పడతాయో లెక్కేసింది. లెక్క ఎంత వచ్చిందో ఎవరికీ చెప్పలేదు, ‘చాలానే’ అంది. కోట బయట గుడారాలు వేసుకున్నాం. పొద్దున సూర్యుడు రాకముందే లేచి లోయ అంచున నిలబడితే కింద పెన్నా నీళ్ళు, రెండు వైపులా ఎర్రటి రాతి గోడలు. పిల్లలు ఫొటోల హడావిడిలో ఉన్నారు.

అత్తయ్య మాత్రం నా స్నేహితురాలిని అడిగింది. ‘‘ఈ పక్కన గూడా డ్యాము కట్టినారంట గదా. దీని కిందేమైనా ఊళ్ళు పోయినాయా?’’

పోయాయి. గండికోట జలాశయం కింద తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు 2020లో ఖాళీ అయ్యాయి. కడప జిల్లాకు తాగునీళ్ళు, సాగునీళ్ళు కావాలి, అది కాదనలేం. నా స్నేహితురాలి ఇంట్లో కుళాయి తిప్పితే ఇప్పుడు నీళ్ళు వస్తున్నాయని ఆమే చెప్పింది. ఆమె పిన్నిది తాళ్ళప్రొద్దుటూరే. ఇప్పుడు జమ్మలమడుగులో అద్దె ఇంట్లో ఉంటుందట.

‘‘పోయేటప్పుడు దారిలోనే గదా జమ్మలమడుగు?’’ అంది అత్తయ్య.

అట్లా మా పట్టికలో లేని ఒక మజిలీ పెరిగింది. ఆ పిన్ని మాకు ముక్కూ మొహం తెలియదు. వెళ్ళి గంట కూర్చున్నాం. అత్తయ్యా ఆమే మాట్లాడుకున్నారు, మేం టీ తాగుతూ విన్నాం. ఏ నెలలో వచ్చేశారు, గేదెల్ని ఏం చేశారు, ఊరి పెద్దమ్మ గుడిని ఎక్కడ కట్టుకున్నారు, తలుపులు తెచ్చుకున్నారా. తలుపులు తెచ్చుకున్నారు. అద్దె ఇంట్లో గోడకు ఆనించి ఉన్నాయి, సొంత ఇల్లు కట్టుకున్నాక పెట్టుకుంటారు.

బయలుదేరేటప్పుడు ఆమె అత్తయ్యకు బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ ఇచ్చింది. బేలం గుహలకు పోవాల్సిన టైము ఇక్కడే అయిపోయిందని బాబు మూతి ముడుచుకున్నాడు. బనగానపల్లె మీదుగా కర్నూలు చేరేసరికి చీకటి పడింది.

సంగమేశ్వరం వెళ్ళాలనుకునే వాళ్ళకు నా మజిలీ వివరాలు: శ్రీశైలం జలాశయం తగ్గాకే గుడి బయటపడుతుంది. ఏ ఏటికా ఏడు తేడా ఉంటుంది, ఫిబ్రవరి, మార్చిల తర్వాత కనుక్కుని బయలుదేరండి. ఆత్మకూరు లేదా నందికొట్కూరు నుంచి కొత్తపల్లి మీదుగా దారి. గుడి దగ్గర చెట్టు నీడ లేదు, తాగునీళ్ళు వెంట ఉండాలి, కొబ్బరికాయలు, అరటిపళ్ళు దొరుకుతాయి, భోజనం దొరకదు. పెద్దవాళ్ళుంటే ఎండ ముదరకముందే, తొమ్మిదిలోపు చేరండి. ఒండ్రు మీద కారు పూర్తి దగ్గరిదాకా పోనివ్వకండి, పైకి గట్టిగా కనిపించినా లోపల మెత్తగా ఉంటుంది.